జిగురు మొహం

దుర్గాభవానిని దెయ్యంగా మార్చడానికి దయానందానికి ఒక పూటంతా పట్టేది. తెల్లవారుతూనే ఆమెను మడత కుర్చీలో కూర్చోబెట్టి, మొహమంతా జిగురు పూసి, నీళ్ళలో నానిపోయిన చర్మంలా కనిపించే రబ్బరు ముక్కల్ని ఒక్కొక్కటే అతికించేవారు. బుగ్గల మీద చిన్న చిన్న నత్తగుల్లలు, నుదుటి మీద నాచు, కుడి కంట్లో పాలలాంటి తెల్ల లెన్సు, పళ్ళ మీద నల్లటి తొడుగు, నెత్తిన చిక్కులు పడ్డ విగ్గు. పని చేస్తున్నంతసేపూ ఆయన సన్నగా ఏదో కీర్తన పాడుకుంటూనే ఉండేవారు. బందరు చర్చిల్లో క్రిస్మస్ నాటకాలకి హేరోదు రాజు గడ్డాలూ, దేవదూతల రెక్కలూ కడుతూ ఈ పనిలోకి వచ్చిన మనిషి. యాభై దాటాయి.

"ఒక్క మాట గుర్తుంచుకో అమ్మాయ్," అనేవారు. "దీన్ని పీకితే రాదు. నేనే నెమ్మదిగా తియ్యాలి. నువ్వు తొందరపడి లాగావంటే కింద నీ చర్మం కూడా వచ్చేస్తుంది."

ఆ సినిమా తీస్తున్నది శ్యాంబాబు. గుడివాడలో పెళ్ళి వీడియోలు తీసి పేరు తెచ్చుకున్నాడు. రాత్రుళ్ళు కూర్చుని కేరళ అడవుల్లో తీసినవీ, థాయిలాండ్, ఇండోనేషియా దీవుల్లో తీసినవీ దెయ్యాల సినిమాలు ఎన్ని చూశాడో అతనికే తెలీదు. తడి, బురద, ఉక్కపోత, ఆకుల్లోంచి చూసే కళ్ళు. "ఇవన్నీ మన దివిసీమలో లేవా? మడ అడవి లేదా? పాములు లేవా? విమానమెక్కి ఎక్కడికో వెళ్ళడం దేనికి?" అన్నాడు. ఉప్పెనలో కొట్టుకుపోయిన పెళ్ళికూతురు మడచెట్ల వేళ్ళ మధ్య దెయ్యమై తిరగడం కథ. నాగాయలంక దగ్గర మకాం పెట్టి, పడవల మీద లంకల్లోకి వెళ్ళి తీస్తున్నారు.

భవానిది పెడన. నాన్న కలంకారీ అచ్చులు అద్దుతాడు. హైదరాబాదులో మూడేళ్ళు సీరియళ్ళలో తిరిగితే హీరోయిన్ వెనక ట్రే పట్టుకుని నిలబడే వేషాలు తప్ప ఏమీ దొరకలేదు. తిరిగొచ్చేశాక ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆమెకి ఎక్కువ బాధ. అప్పుడు శ్యాంబాబు పిలిచాడు. "మొహం కనపడదు, నిజమే. కానీ సినిమా అంతా నువ్వే," అన్నాడు. ఆ మాటని పట్టుకుని వచ్చింది.

ఆ మాటని పట్టుకునే శ్యాంబాబు చెప్పినవన్నీ చేసింది. చివరి ఘట్టం తీసే రోజుకి మూడు రోజుల ముందు చినలంకపాలెంలో చేసింది కూడా అందుకే.

చినలంకపాలెం పాయ ఒడ్డున ఉన్న జాలర్ల పల్లె. సినిమాకి ప్రచారం కావాలని, శ్యాంబాబు రాత్రంతా మేకప్ వేయించి, ఒక తెల్లవారుజామున భవానిని ఆ వేషంలోనే రేవు పక్క పొదల్లో కూర్చోబెట్టాడు. పీతల బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు వస్తుంటే ఒక్కసారిగా లేచి అరవమన్నాడు. అరిచింది. ఆడవాళ్ళు బుట్టలు వదిలేసి పరిగెత్తారు. ఒక ముసలమ్మ జారి పడింది. పొదల వెనక కెమెరాతో దాక్కున్న సినిమావాళ్ళంతా పగలబడి నవ్వుతుంటే, వాళ్ళతో పాటు భవాని కూడా నవ్వింది. ఆ ముసలమ్మకి ఏమైనా అయిందా అని తర్వాత అడిగితే, "ఏమీ కాలేదు, లేచి వెళ్ళిపోయింది," అన్నాడు శ్యాంబాబు. ఆ సాయంత్రానికే వీడియో ఊళ్ళ మీద పడింది.

దయానందం మాత్రం ఆ రోజు ఆమెకి మేకప్ తీస్తూ కీర్తన పాడలేదు.

చివరి ఘట్టం తియ్యాల్సిన రోజు వచ్చింది. పాయకి అవతల మనుషులెవరూ ఉండని చిన్న లంక ఒకటుంది. మధ్యాహ్నానికల్లా అక్కడ భవాని మేకప్ దాదాపు పూర్తయింది. సాయంకాలపు ఎండ వాలితే గానీ శ్యాంబాబుకి కావలసిన వెలుతురు రాదు. ఈలోగా సముద్రం వైపు ఇసుకమేట మీద హీరో పరిగెత్తే షాటు లాగించేద్దామని, కెమెరామన్ అభినవ్‌నీ మిగతావాళ్ళనీ పడవెక్కించాడు. "ఈ మొహంతో నిన్ను పడవలో తిప్పితే రంగంతా చెదిరిపోతుంది. మీరిద్దరూ ఇక్కడే ఉండండి, గంటలో వచ్చేస్తాం," అని వెళ్ళిపోయాడు. అక్కడ ఫోన్లు పనిచెయ్యవు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోలేదు.

గంట దాటింది. ఆటుకి నీళ్ళు తీస్తున్నాయి. పాయలో బురద బయటపడి, ఎండకి కుళ్ళిన ఆకుల వాసన కొడుతోంది. గెడ్డం దగ్గర రబ్బరు కాస్త లేచిందని దయానందం జిగురు సీసా కోసం టార్పాలిన్ కిందకి చెయ్యి పెట్టారు.

"అమ్మా!" అన్నారు. అంతే. చెయ్యి వెనక్కి లాక్కున్నారు. టార్పాలిన్ అంచు కిందనుంచి పాము పడగ ఎత్తి, ఒక క్షణం నిలబడి, బొరియల వైపు జారిపోయింది. నాగుపాము. ఇద్దరూ చూశారు.

కుడి చేతి వేళ్ళ మొదట్లో రెండు చుక్కలు. భవాని తన చీర కొంగు చింపబోయింది.

"గట్టిగా కట్టకు. కొయ్యకు," అన్నారాయన. మొహం తెల్లబోయింది గానీ గొంతు నిదానంగానే ఉంది. "చెయ్యి కదలకుండా ఉంచితే చాలు. నన్ను ఆ మంచె మీదికి ఎక్కించు. పోటు ఎక్కితే ఇక్కడ నేలంతా మునుగుతుంది."

కెమెరా పెట్టడానికి వెదుళ్ళతో కట్టిన మంచె అది. ఆయన్ని మోసీ, లాగీ ఎలాగో ఎక్కించింది. ఎక్కించేసరికే చెయ్యి మణికట్టు దాకా వాచింది. భవాని ఒడ్డున నిలబడి గొంతు చించుకుని అరిచింది. కొంగలు లేచాయి. ఇంకేమీ లేవలేదు.

"బాబాయ్, వాళ్ళొచ్చేస్తారు."

"వస్తారు," అన్నారాయన. కాసేపాగి, "అమ్మాయ్, నువ్వు నాకు ఇద్దరిద్దరు కనపడుతున్నావు," అన్నారు.

విషం కళ్ళకి ఎక్కిందని ఆమెకి అర్థమైంది. ఆయన కనురెప్పలు నిద్రొచ్చినట్టు వాలుతున్నాయి. ఆయన ఎత్తుతారు, అవి వాలతాయి. పాయకి ఆవల చినలంకపాలెం ఇళ్ళ కప్పులు కనిపిస్తూనే ఉన్నాయి. ఆమెకి ఈత రాదు.

"నేను వెళ్తాను బాబాయ్. నీళ్ళు తక్కువగానే ఉన్నాయి."

ఆయన ఎడమ చేత్తో ఆమె మొహం వైపు చూపించి ఏదో అన్నారు. నాలుక మొద్దుబారింది, మాట తెలియలేదు. దీన్ని తియ్యమంటున్నారని అర్థమైంది. జిగురు తీసే మందు సీసా మేకప్ పెట్టెలో ఉంది. తియ్యడానికి గంట పడుతుంది. భవాని మరి పెట్టె వైపు చూడలేదు.

మడచెట్ల కింద బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన వేళ్ళు అరికాళ్ళలో దిగాయి. మోకాళ్ళ దాకా దిగబడింది. పాయలోకి దిగాక నడుం దాకా, తర్వాత ఛాతీ దాకా నీళ్ళు. నడిమధ్యలో ప్రవాహం కాళ్ళని లాగేసింది, ఒకసారి మునిగింది, ఉప్పునీళ్ళు మింగింది. విగ్గు తడిసి బరువై మెడని వెనక్కి లాగుతుంటే పీకబోయింది. అది కూడా జిగురుతోనే అతికి ఉంది. చీర కాళ్ళకి చుట్టుకుంటే మోకాళ్ళ దాకా చించి వదిలేసింది. అడుగు తగిలినప్పుడు బురద ఇంత మెత్తగా, ఇంత దయగా ఉంటుందని ఆమెకి ఎప్పుడూ తెలీదు. ఒడ్డున ఉన్న ఆల్చిప్పల మీద చేతులూ మోకాళ్ళూ కోసుకుంటూ పాక్కుంటూ ఎక్కింది. వెనక్కి తిరిగి చూస్తే పాయ మధ్యలో నీళ్ళ వాలు మారింది. పోటు మొదలైంది.

రేవు దగ్గర ఒక చిన్నపిల్లాడు ఆమెని చూసి కెవ్వుమని ఇంట్లోకి పరిగెత్తాడు. కుక్కలు చుట్టుముట్టాయి. రొయ్యలు ఒలుస్తున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒక్క నిమిషమే. తర్వాత ఎవరో కుర్రాడు, "ఒరేయ్, షూటింగ్ దెయ్యం మళ్ళీ వచ్చిందిరా!" అని కేకేశాడు. ఫోన్లు బయటికొచ్చాయి.

"పాము... పాము కరిచింది... అవతల..." అంది భవాని. నల్ల తొడుగు వల్ల మాట ముద్దగా వచ్చింది. దాన్ని పీకి పారేసింది. "అన్నా, అవతల లంకలో మా బాబాయిని పాము కరిచింది. పడవ కావాలి. మీ కాళ్ళకి దణ్ణం పెడతాను, ఒక్క పడవ."

"బాగా చెప్పింది డైలాగు."

"కెమెరా ఎక్కడ పెట్టార్రా ఈసారి? ఆ పొదల్లో చూడండి."

ఇద్దరు కర్రలు తీసుకుని నిజంగానే పొదలు కొట్టడానికి వెళ్ళారు. భవాని అరచేతులు చూపించింది. ఆల్చిప్పలకి తెగి రక్తం మోచేతుల దాకా కారుతోంది. "ఆ రంగు ఎక్కడ అమ్ముతారు?" అని నవ్వాడొకడు. ఆమె మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తున్న ఆ మొహాన్ని దగ్గరగా వచ్చి ఫోనులో తీసుకున్నారు.

అప్పుడొచ్చాడు కాంతారావు. నలభై ఏళ్ళ మనిషి, భుజాన తడి వల. వలని కింద పడేసి, ఆమె రెక్క పట్టుకుని లేపాడు. "ఇట్రా. నీకొకటి చూపిస్తాను," అని ఈడ్చుకెళ్ళినట్టే ఒక ఇంటి వసారాలోకి తీసుకెళ్ళాడు.

నులకమంచం మీద ఒక ముసలమ్మ అటు తిరిగి పడుకుని ఉంది. తొడ దగ్గర్నుంచి కాలికి అటూ ఇటూ చెక్కలు పెట్టి గుడ్డతో కట్టారు. మూలుగు శ్వాసతో పాటే వస్తోంది.

"మా అమ్మ. తుంటి విరిగింది," అన్నాడు కాంతారావు. "ఆసుపత్రికి రానంటుంది, పెద్దాపరేషనంటే భయం. కదిపితే ప్రాణం పోయినట్టు అరుస్తుంది. నువ్వు ఆ రోజు నవ్వావు. వీడియోలో నీ నవ్వు వినపడుతుంది."

ఏమీ కాలేదన్నారు, లేచి వెళ్ళిపోయిందన్నారు. ఆ మాటలు నోటి దాకా వచ్చాయి. వాటిని చెప్పుకుంటూ కూర్చుంటే అవతల నీళ్ళు ఎక్కుతాయి.

"నేనే నవ్వాను," అంది. "నన్ను ఏం చేసినా సరే. కట్టేసి ఇక్కడే ఉంచుకోండి. మీరొక్కరు పడవ వేసుకుని వెళ్ళి చూడండి. అక్కడ మనిషి లేకపోతే వచ్చి నన్ను చంపెయ్యండి. ఎవరూ అడగరు. ఒక్కసారి వెళ్ళి చూడండి అన్నా."

కాంతారావు ఆమె కళ్ళలోకి చూశాడు. ఒకటి మనిషి కన్ను, ఒకటి తెల్ల గుడ్డు.

"సరే," అన్నాడు. "వెళ్తా. ఇది అబద్ధమని తేలాలి. తేలాక, మొన్న ఆపినట్టు ఈసారి మా వాళ్ళని నేను ఆపను."

వలలు ఆరేసే గుంజకి నైలాను తాడుతో ఆమెని కట్టాడు. ముడి తనే వేశాడు, ఊడదని లాగి చూసుకున్నాడు. ఇంజను పడవ చప్పుడు పాయలోకి వెళ్ళి చిన్నదై పోయింది.

భవాని ఎండలో నిలబడింది. రబ్బరు కింద చెమట చేరి మొహమంతా మంట పుడుతోంది. లెన్సు వెనక ఉప్పునీళ్ళు చేరి కన్ను కాలిపోతున్నట్టుంది, తుడుచుకోవడానికి చేతులు లేవు. పక్కనే కూర్చున్న కుర్రాళ్ళు పాత వీడియో పెట్టుకుని చూస్తున్నారు. అరుపు. బుట్టలు పడ్డ చప్పుడు. తర్వాత ఆమె నవ్వు. మళ్ళీ మొదటి నుంచి.

"ఆపండ్రా దాన్ని," అంది ఒక ఆడమనిషి. కాంతారావు భార్య నాంచారమ్మ. చెంబుతో నీళ్ళు తెచ్చి, భవాని మొహం చూడకుండా, గెడ్డం పట్టుకుని నోట్లో పోసింది. "నిజంగానే కరిచిందా?" అని అడిగింది మెల్లగా.

"నిజమక్కా."

నాంచారమ్మ నమ్మినట్టూ అనలేదు, నమ్మనట్టూ అనలేదు. అక్కడే నిలబడింది.

పోటు రేవు మెట్లెక్కుతోంది. భవానికి కొత్త భయం పట్టుకుంది. ఈలోగా శ్యాంబాబు వాళ్ళు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళిపోయి ఉంటే? కాంతారావుకి అక్కడ ఖాళీ మంచె కనపడుతుంది. తిరిగొచ్చి... కానీ అలాగే జరిగి ఉండాలని ఆమె దేవుళ్ళందరికీ మొక్కుకుంది. తను అబద్ధాలకోరైతే అయ్యింది, వీళ్ళు ఏం చేస్తే చేశారు, ఆయన ఎవరి పడవలోనైనా ఆసుపత్రికి వెళ్తూ ఉంటే చాలు. పెడన గుళ్ళో అమ్మవారికి మొక్కింది, ఆయన పాడుకునే ఆ కీర్తనలోని ప్రభువుకీ మొక్కింది.

ఇంజను చప్పుడు వినపడింది. పడవ రేవుకి తగలకముందే కాంతారావు నీళ్ళలోకి దూకాడు. భుజాన మనిషి ఉన్నాడు. చేతులు వేలాడుతున్నాయి.

"ఆటో! ఆటో తియ్యండ్రా!" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. "నీళ్ళు మంచెని తాకుతున్నాయి. ఇంకాస్త ఆలస్యమైతే..." మాట పూర్తి చెయ్యలేదు. మొలలోంచి కత్తి తీసి, తను వేసిన ముడిని తనే కోసేశాడు.

ఆటోలో దయానందం తల భవాని ఒళ్ళో ఉంది. కాంతారావు ఎదురుగా కూర్చుని ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. అవనిగడ్డ నుంచి అంబులెన్స్ బయల్దేరింది, దారిలో ఎదురుపడుతుంది. ఫోను స్పీకర్లో అంబులెన్స్‌లోని అమ్మాయి గొంతు, "ఛాతీ కదులుతోందా? చూస్తూనే ఉండండి," అంటోంది. కదులుతోంది. కొంచెమే. నాగాయలంక దాటాక అదీ ఆగిపోయింది.

"ఆగిపోయింది! అమ్మా, ఊపిరి ఆగిపోయింది!"

"భయపడకండి. తల వెనక్కి వంచండి. ముక్కు మూసి, నోటి మీద నోరు పెట్టి ఊదండి. గాలి బయటికి పోకూడదు."

భవాని వంగి ఊదింది. తన పెదాల చుట్టూ ఉన్న రబ్బరు ఆయన నోటికి ఆనడం లేదు. గాలంతా పక్కనుంచి బుస్సుమని పోతోంది. మళ్ళీ ఊదింది. ఛాతీ లేవలేదు.

ఆమె గోళ్ళు గెడ్డం కింద గుచ్చి, రబ్బరుని పట్టుకుని, పైకి లాగింది. చర్రుమని చిరిగిన చప్పుడుకి కాంతారావు కళ్ళు మూసుకున్నాడు. నోటి చుట్టూ, ముక్కు దాకా, ఒక బుగ్గ సగం. రబ్బరుతో పాటు చర్మమూ వచ్చింది. ఆమెకి ఆ క్షణంలో నొప్పి తెలియలేదు, తన రక్తం ఉప్పగా తగిలింది, అంతే. పచ్చి పెదాలు ఆయన పెదాలకి ఆనించి ఊదింది. ఛాతీ లేచింది.

"లేచింది! ఊదు, ఊదమ్మా!" అని అరిచాడు కాంతారావు. ఆయన ముక్కు తనే మూసి పట్టుకున్నాడు. "ఊదు. ఇప్పుడు ఆగు. మళ్ళీ ఊదు."

వరి చేల మధ్య రోడ్డు మీద గోతులన్నిట్లో ఆటో ఎగిరిపడింది. ఎన్నిసార్లు ఊదిందో ఆమెకి తెలీదు. ఒకచోట కళ్ళు తిరిగి పక్కకి ఒరిగిపోతే కాంతారావు మెడ పట్టుకుని నిలబెట్టాడు. ఒక వంతెన దగ్గర ఎదురుగా అంబులెన్స్ దీపం కనిపించింది. అందులోంచి దిగిన అమ్మాయి భవానిని చూసి ఒక్క అడుగు వెనక్కి వేసింది. మరుక్షణం ముందుకొచ్చి పని అందుకుంది.

అవనిగడ్డలో మందు ఎక్కించారు, గొంతులో గొట్టం వేశారు. ఊపిరి మిషను మీద పెట్టాలని బందరు పంపించారు. భవాని కంట్లో లెన్సు తీయించుకుని, అరికాళ్ళకి కట్లు కట్టించుకుని అంబులెన్స్ ఎక్కేసరికి కాంతారావు లేడు. చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

బందరు ఆసుపత్రి వరండాలో జనం ఆమెని చూసి బెంచీలు ఖాళీ చేశారు. సగం మనిషి, సగం దెయ్యం. నర్సు మందు రాస్తానంటే, "ముందు ఆయన సంగతి చెప్పండి," అంది.

చీకటి పడుతుండగా చేతిసంచీతో ఒకావిడ పరుగున వచ్చింది. దయానందం భార్య కృపావతి. అద్దాల తలుపులోంచి లోపలికి చాలాసేపు చూసింది. తర్వాత వచ్చి భవాని పక్కన కూర్చుంది. ఆ బెంచీ మీద కూర్చున్న మొదటి మనిషి ఆవిడే.

"నువ్వేనా భవానివి?" అంటూ మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడ కళ్ళలో బెదురు లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఇంట్లో ఇలాంటివి ఆరేసుకున్న మనిషి. "ఇది ఎవరు పీకారు?"

"నేనేనండి. గాలి పోతోందని..."

కృపావతి లేచింది. కొట్టుకి వెళ్ళి కొబ్బరినూనె సీసా తెచ్చింది. దూదితో అంచుల కింద నూనె పట్టించి, నానే దాకా ఆగి, వేలికొనతో ఒక్కొక్క ముక్కే లేపడం మొదలుపెట్టింది. నుదుటి మీది నాచు, రెండో బుగ్గ, కనుబొమ్మ, విగ్గు. పచ్చి పుండు దగ్గరికి వస్తే ఊదుతూ తీసింది. తీసిన ముక్కల్ని ఒళ్ళో పరుచుకున్న చేతిరుమాలులో వరసగా పెట్టింది.

"ఈ నత్తగుల్లలు చూడు, ఎంత పొందిగ్గా పెట్టారో," అంది. "ఇంటి దగ్గర కూర్చుని వారం రోజులు చేశారు ఇవి." ఆ మాటతో అప్పటిదాకా బిగపట్టిన ఏడుపు బయటికొచ్చేసింది. చేతులు జిడ్డుగా ఉన్నాయని కళ్ళు తుడుచుకోలేదు. ఏడుస్తూనే చివరి ముక్క తీసింది. "పారెయ్యనా ఇవి?" అని అడిగింది భవానిని, ఆమెకేదో తెలిసినట్టు.

"వద్దండి," అంది భవాని.

మర్నాడు పొద్దున శ్యాంబాబు వచ్చాడు. వాళ్ళ పడవ ఇసుకమేట మీద కూరుకుపోయిందట, పోటెక్కే దాకా కదల్లేదట. నిజంగానే ఏడ్చాడు. కృపావతి కాళ్ళ మీద పడ్డాడు. తర్వాత భవానిని పక్కకి పిలిచి ఫోను చూపించాడు. చినలంకపాలెం కుర్రాళ్ళు తీసిన వీడియో. గుంజకి కట్టేసిన దెయ్యం ఏడుస్తోంది.

"రాష్ట్రమంతా ఇదే చూస్తున్నారు. ఛానళ్ళవాళ్ళు అడుగుతున్నారు. ఒక్కసారి మాట్లాడు భవానీ. ఈ గాయాలతోనే."

"ముందు ఆ ముసలావిడ వీడియో తీసెయ్యండి."

"అది తీసేస్తే దీనికి అర్థమేముంటుంది?"

"ఆవిడకి తుంటి విరిగింది. మీకు తెలుసా తెలీదా?"

శ్యాంబాబు నేల చూశాడు. తెలుసు.

"నేనిక చెయ్యను," అంది.

అతనికి కోపం రాలేదు. జాలిపడ్డట్టు చూశాడు. "ఆ మొహం వెనక ఎవరున్నా ఒకటే భవానీ. ఆలోచించుకో," అన్నాడు. ఆమె ఆలోచించుకోలేదు. శ్యాంబాబు విజయవాడ నుంచి ఇంకో అమ్మాయిని తెచ్చుకుని, కొనుక్కొచ్చిన మాస్కు తగిలించి, మిగిలిన షూటింగ్ పూర్తి చేశాడు. ముసలమ్మ వీడియో అలాగే ఉంది.

దయానందం బతికారు. గొంతులో గొట్టం తీశాక రెండు రోజులు గుసగుసగానే మాట్లాడారు. విషం దిగిన చోట కండ కుళ్ళిపోయి కుడి చేతి రెండు వేళ్ళు తీసెయ్యాల్సి వచ్చింది. భవాని చూడ్డానికి వెళ్తే, కట్టు కట్టిన చెయ్యి దుప్పటి కింద దాచుకున్నారు. ఆమె నోటి చుట్టూ కట్టిన పక్కుల్ని చూసి తల అటు తిప్పేసుకున్నారు. బయట కృపావతి నర్సుతో ఏదో గట్టిగా వాదిస్తోంది. ఇద్దరూ అది వింటూ కూర్చున్నారు.

కాళ్ళు నేల మీద ఆనించగలిగిన రోజున భవాని నాగాయలంక బస్సెక్కింది.

చినలంకపాలెంలో కాంతారావు వేటకి వెళ్ళాడు. నాంచారమ్మ రేవులో ఉంది. వసారాలో మంచం మీద ముసలమ్మ ఒక్కతే ఉంది. పేరు వెంకమ్మ. భవాని మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"ఎవరమ్మా నువ్వు?"

దారంతా కూడబలుక్కున్నది ఒక్కటీ గుర్తు రాలేదు. "నేనేనమ్మా. ఆ రోజు రేవు దగ్గర మిమ్మల్ని భయపెట్టింది నేనే. మేకప్ వేసుకుని. మీరు పడింది నా వల్లే."

వెంకమ్మ తల తిప్పి చూసింది. భవాని నోటి చుట్టూ ఉన్న పక్కుల్నీ, వాచిన కంటినీ, తువ్వాలు చుట్టుకున్న తలనీ చూసింది.

"నువ్వు కాదు," అంది.

"నేనే అమ్మా. ఒట్టు."

"కాదులే తల్లీ. అది ఇంతెత్తుంది," అంటూ చెయ్యి గాలిలోకి ఎత్తింది. "నీ మొహం నేను చూడట్లేదా? నీకెవరు చెప్పారు ఇలా చెప్పమని? మా వాడా? నేను భయపడుతున్నానని పంపించాడా?"

భవాని మళ్ళీ నోరు తెరిచింది. ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది.

"ఇంకా వస్తుందది," అంది గొంతు తగ్గించి. "మా కోడలు రేవుకి వెళ్ళగానే వస్తుంది. ఆ గుమ్మంలో నిలబడుద్ది. నేను కదల్లేను కదా, దాన్నే చూస్తా పడుంటా. నీకు పని లేకపోతే కాసేపు ఇక్కడే కూచో తల్లీ. నువ్వుంటే రాదు."

భవాని లేచి, గుమ్మానికీ మంచానికీ మధ్య పీట వేసుకుని కూర్చుంది. వెంకమ్మ ఆమె వీపు వైపు చూస్తూ చూస్తూ, చాలా రోజుల తర్వాత మొదటిసారి పగటి నిద్రలోకి జారుకుంది.